ఇంట్లోకి తేకూడని పూలు

మా ఊళ్ళో స్నోడ్రాపులనే చిన్న తెల్ల పూలని ఎవరూ గడప దాటించరు. అడవిలో ఎన్ని వేలు పూసినా ఫరవాలేదు. చర్చి పక్కన సమాధుల మధ్య పూసినా ఫరవాలేదు. ఇంట్లోకి మాత్రం తేకూడదు. తెస్తే ఆ ఇంట్లో ఒకరు పోతారు. ఫిబ్రవరిలో ఎవరైనా నాలుగు పూలు కోసుకుని అడవి నుంచి వస్తే, తలుపు తీసే ముందు వాటిని మెట్టు మీద, పాలసీసాల పక్కన పెట్టేసి లోపలికి వెళ్తారు. ఎందుకలా అని అడిగితే నవ్వేస్తారు. ఇవన్నీ మేమేం నమ్మం అంటారు. మెట్టు మీద పెట్టడం మాత్రం మానరు.

నేను నమ్మేదాన్ని. నాకది నవ్వులాట కాదు.

మా అక్క మ్యూరియల్ వల్లే మా అడవికి పేరొచ్చింది. వాగుకి అవతల, చర్చి వెనక ఎత్తు మీద ఓక్ చెట్లూ బీచ్ చెట్లూ ఉన్న అడవి అది. మా చిన్నప్పుడు అందులో ఒక మూల నాలుగే నాలుగు కుదుళ్ళు స్నోడ్రాపులు ఉండేవి. మా అక్క తపాలా ఆఫీసులో బిళ్ళలు అమ్ముకుంటూ, పెళ్ళీ పెటాకులూ లేకుండా, యాభై ఏళ్ళపాటు ఆ నాలుగు కుదుళ్ళనీ కొండంతా పాకించింది. దానికో పద్ధతుంది. పూలు వాడిపోయాక, ఆకులింకా పచ్చగా ఉండగానే కుదురు పెళ్ళగించాలి. దుంపల్ని ఓపిగ్గా విడదీసి, మూడేసి చొప్పున కొత్త చోట పెట్టాలి. ఎండిపోయిన దుంపలు పెడితే సగం బతకవు. ప్రతి మార్చిలోనూ ఆవిడ మోకాళ్ళ కింద గోనెపట్టా వేసుకుని, గోళ్ళనిండా మట్టితో అక్కడే ఉండేది. ఫిబ్రవరి రెండో ఆదివారం, మేం పూల ఆదివారం అంటాం, ఊరూరి నుంచీ జనం కార్లేసుకుని చూడ్డానికి వస్తారు. చర్చి హాల్లో టీ, కేకులు పెడతాం. వచ్చినవాళ్ళంతా మ్యూరియల్ మ్యూరియల్ అని ఒకటే పొగడ్తలు. నేను కేకులు కోస్తుండేదాన్ని.

మా ఆయన పోయాక, పిల్లలూ లేరు కనుక, తొమ్మిదేళ్ళుగా అక్క దగ్గరే ఉంటున్నాను. మాకు పడదని కాదు. ఇద్దరం ఒకే టీ కెటిల్ దగ్గర బతికాం, ఒకే కుర్చీ కోసం పోట్లాడుకున్నాం. కానీ మా మధ్య ఒక మాట ఉండిపోయింది. అరవయ్యేడేళ్ళు ఆ మాట ఆవిడ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

మాకు ఓవెన్ అని ఒక తమ్ముడుండేవాడు. నాలుగేళ్ళవాడు. ఫిబ్రవరిలో కోరింత దగ్గు పట్టుకుని ఎంతకీ వదల్లేదు. అప్పుడు నాకు ఏడేళ్ళు, అక్కకి పదకొండు. ఒకరోజు నేను వాకిట్లో ఆడుకుంటుంటే అక్క అడవిలోంచి వచ్చి, గుప్పెడు స్నోడ్రాపులు నా చేతిలో పెట్టి, లోపలికి తీసుకెళ్ళి వాడికి చూపించమంది. నాకు ఆ నియమం ఏమిటో తెలీదు. జాము సీసాలో నీళ్ళు పోసి పూలు పెట్టి వాడి మంచం పక్కన పెట్టాను. వాడు దగ్గుతూనే ఒక పువ్వుని వేలితో ఎత్తి దాని లోపలికి చూశాడు. మర్నాడు పొద్దున్నే పోయాడు.

అమ్మ ఆ సీసా ఎవరు తెచ్చారని అడిగింది. నేనే అన్నాను, అక్క ఇచ్చిందన్నాను. అమ్మ అక్క వైపు చూసింది. నాకు తెలీదు, నేనివ్వలేదు అంది అక్క.

అమ్మ నన్ను కొట్టలేదు. కొడితే బాగుండేది. ఆ ఏడాదంతా నా పేరు పెట్టి పిలవలేదు. "ఇదిగో, నిన్నే" అనేది. బళ్ళో పిల్లలు నా పక్కన కూచునేవాళ్ళు కాదు. అది ఇంట్లోకి చావు తెచ్చింది అనేవాళ్ళు. అక్క ముందు వరసలో బుద్ధిగా కూచుని తలవంచుకుని రాసుకునేది. పెద్దయ్యాక నాకు చదువుతో పాటు బుద్ధీ వచ్చింది, పూలు మనుషుల్ని చంపవని తెలిసింది. అయినా చేతులకి తెలీదు. ఇప్పటికీ స్నోడ్రాప్ కాడ వేళ్ళకి తగిలితే అరచేతులు చల్లబడతాయి.

అలాంటి పూలతో అక్క కొండంతా నింపేస్తే నాకెలా ఉంటుందో మీరే అనుకోండి. పుండు మీద కారం చల్లుతోందనే అనుకున్నాను.

పోయిన డిసెంబరులో ఆస్పత్రివాళ్ళు ఇంక చేసేదేం లేదని ఆవిణ్ణి ఇంటికి పంపేశారు. క్లోమంలో క్యాన్సర్. ముందుగదిలో మంచం వేశాం. ఆ కిటికీలోంచి చూస్తే బొగ్గుల కొట్టు గోడ తప్ప ఏమీ కనబడదు. చక్రాల కుర్చీలో అడవికి తీసుకెళ్దామంటే వాగు దగ్గర మోకాలి లోతు బురద. డెలియా అని నర్సు రోజుకి రెండుసార్లు వచ్చేది. యాభయ్యేళ్ళ మనిషి, మాట మెత్తన, పని గట్టి. ఆవిడున్న గంటసేపూ నేను రబ్బరు బూట్లు తొడుక్కుని అడవికి పోయేదాన్ని. ఏవేవి పూశాయో చూసి రమ్మని అక్కే పంపేది.

నిజం చెప్పాలంటే ఆ నెలంతా నేను సుఖపడ్డాను. ఇంట్లో మందుల వాసన, అక్క మూలుగు. వాగు దాటితే చాలు, నాది అన్న గాలి. జనవరి సగానికి ఆకుల కుళ్ళులోంచి మొనలు పొడుచుకొచ్చాయి. వారం తిరిగేసరికి ఎక్కడ అడుగు వెయ్యాలో తెలీనంతగా తెల్లగా అయిపోయింది. మంచు కురిసిన పొద్దున అవన్నీ నేలకి వాలిపోయి చచ్చినట్టు పడుంటాయి. పదకొండు గంటలకి ఎండ తగిలితే ఏమీ జరగనట్టు లేచి నిలబడతాయి. ఎండ ఇంకొంచెం కాస్తే బయటి మూడు రేకులూ విచ్చుకుంటాయి. అప్పుడు లోపలి చిన్న రేకుల మీద ఆకుపచ్చ గీత కనబడుతుంది. వంగి ముక్కు దగ్గర పెట్టుకుంటే తేనె వాసన. వేల పూలు ఒకేసారి విచ్చిన రోజున ఆ వాసన నడుం ఎత్తు దాకా లేచి నిలుస్తుంది. నేను పడిపోయిన బీచ్ మాను మీద కూచుని, ఫ్లాస్కులో టీ తాగుతూ, ఏమీ ఆలోచించకుండా చూస్తూండేదాన్ని. డెబ్భై నాలుగేళ్ళకి మొదటిసారి అడవి నాదైనట్టు అనిపించింది. అక్క నాటిందన్న సంగతి కూడా మర్చిపోయేదాన్ని.

ఇంటికొచ్చాక ఆవిడ అడిగేది.

"ఎంతవరకు వచ్చాయే?"

"బీచ్ మాను దాకా."

"దానవతల? పోయిన మార్చిలో పెట్టాను. అక్కడ ముద్ద రేకులవి కూడా ఉన్నాయి."

"చూడలేదు."

చూశాను. ముద్ద రేకులవి పూశాయి. బంగారంలా ఉన్నాయి. చెప్పడానికి మనసొప్పలేదు. చెబితే ఆ మొహం ఎలా వెలుగుతుందో నాకు తెలుసు. అందుకే చెప్పలేదు.

జనవరి ఆఖరి రోజున డెలియా వెళ్ళిపోయాక అక్క నన్ను దగ్గరికి రమ్మంది.

"నెస్టా, రేపు వచ్చేటప్పుడు గుప్పెడు పూలు కోసుకురావే. ఇక్కడ బల్ల మీద పెట్టుకుంటాను."

మందు మత్తులో ఏదో అంటోందనుకున్నాను. "ఇంట్లోకా?"

"మరి నేనెక్కడున్నాను?"

"మతి పోయిందా అక్కా?"

"పోలేదు. ఉండగానే అడుగుతున్నాను." కాసేపు ఊపిరి కూడదీసుకుంది. "ఆ రోజు ఓవెన్ కోసం పూలు కోసింది నేను. నీ చేతిలో పెట్టిందీ నేనే. అమ్మ అడిగితే నాకు తెలీదన్నాను. గుర్తుందా?"

"గుర్తుందా అని నన్నడుగుతున్నావా?"

"భయమేసిందే. పదకొండేళ్ళ పిల్లని."

"నాకు ఏడు."

ఆవిడ కళ్ళు మూసుకుంది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. ఇన్నేళ్ళు ఆ దుంపలు ఎందుకు నాటాననుకున్నావని అడిగింది. ఊరి మెప్పు కోసం అన్నాను. నవ్వబోయింది, దగ్గొచ్చి ఆగిపోయింది. నేను నీళ్ళు పట్టాను. గుటకేశాక మళ్ళీ అదే మాట.

"తెస్తావా?"

నా కడుపులో అరవయ్యేడేళ్ళుగా ఉన్నదంతా ఒక్కసారి నోట్లోకొచ్చింది. "మళ్ళీ నాచేతేనా? ఆనాడు వాడికి, ఇవాళ నీకు. మోసుకొచ్చి పెట్టాల్సింది నేను, తాపీగా చూసేది నువ్వు. తర్వాత ఊరంతా ఏమంటుంది? అది మళ్ళీ తెచ్చింది అంటుంది."

"ఎలాగూ పోయేదాన్నేగా."

"పోతే పో. నా చేత్తో మాత్రం కాదు."

ఆ మాట అన్నందుకు నాకు ఆ క్షణంలో బాధ లేదు. ఉన్నమాట చెబుతున్నాను. హాయిగా అనిపించింది.

మర్నాడు డెలియా వంటింట్లోకొచ్చి, మ్యూరియల్ గారికి పూలు కావాలట, నేను తెచ్చిపెట్టనా అంది. పూలే కదండీ అంది కూడా. నా ఇంట్లోకి ఒక్క పువ్వొచ్చినా నువ్విక రానక్కర్లేదని చెప్పాను. నిజానికి ఇల్లు అక్కది. డెలియా చేతులు తుడుచుకుని వెళ్ళిపోయింది.

ఆ తర్వాత అక్క మళ్ళీ అడగలేదు. నేను అడవి నుంచి వచ్చి గుమ్మంలో నిలబడగానే నా మొహం చూసేది కాదు, నా చేతులు చూసేది. నేను వాటిని కోటు జేబుల్లోనే ఉంచుకునేదాన్ని. ఎంతవరకు పూశాయని అడగడం కూడా మానేసింది. నేనూ చెప్పడం మానేశాను.

ఒక్క శుక్రవారం నాడు మాత్రం గుండె కొంచెం మెత్తబడింది. ఆ పొద్దున తిండి కూడా వద్దంది. గుప్పెడు కోశాను, గడ్డిపరకతో కట్టాను. చేతులు చల్లబడ్డా వదల్లేదు. గుమ్మం దాకా తెచ్చాను. తలుపు గడియ మీద చెయ్యి వేశాను. లోపల్నుంచి "వచ్చావా?" అని ఆవిడ గొంతు వినబడింది. నీరసంగా కాదు, ఆత్రంగా. అదిగో, ఆ ఆత్రం విన్నాక నాకు మళ్ళీ మండింది. తనకేదైనా కావాలంటే జరిగిపోవాలి, ఎప్పుడూ అంతే అనుకున్నాను. పూలు మెట్టు మీద, పాలసీసాల పక్కన పెట్టి లోపలికెళ్ళాను. తెల్లారేసరికి గడ్డకట్టి నల్లబడ్డాయి. ఊడ్చి పారేశాను.

పూల ఆదివారం వచ్చింది. ఎండ బాగా కాసింది. పదేళ్ళలో అంత బాగా ఎప్పుడూ పూయలేదు. అక్క దగ్గర తను కూచుంటానని, వెళ్ళి జనాన్ని చూసుకోమని డెలియా తన సెలవు రోజున కూడా వచ్చింది. ఈసారి నేను కేకులు కొయ్యలేదు. అక్క లేదు కనుక దారి చూపించే పని నాకొచ్చింది. గోనెపట్టాలు పరిచిన దారి వెంట జనాన్ని తీసుకెళ్ళాను. ఎక్కడ ఆగాలో, ఏ పక్క నుంచి చూస్తే కొండంతా పాలు పొంగినట్టు కనబడుతుందో నాకు అప్పటికి బాగా తెలుసు. వాళ్ళు నోళ్ళు తెరుచుకుని చూశారు. ఒక ముసలాయన టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. బీచ్ మాను అవతలికి కూడా తీసుకెళ్ళాను. ముద్ద రేకుల పూల దగ్గర మోకాళ్ళ మీద కూచుని, ఒకదాన్ని వేలితో ఎత్తి లోపలి ఆకుపచ్చ గీత చూపించాను. ఎర్రటి టోపీ పెట్టుకున్న ఒకావిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"ఇదంతా మీరే నాటారా అండీ?" అంది.

"అవును," అన్నాను.

ఆలోచించి అన్నది కాదు. నోట్లోంచి వచ్చేసింది. వచ్చాక వెనక్కి తీసుకోలేదు. ఎన్నేళ్ళు పట్టిందని అడిగితే యాభై అన్నాను. ఆవిడ నా రెండు చేతులూ పట్టుకుంది. ఆవేళ అవి వెచ్చగా ఉన్నాయి.

మూడింటికి అక్క కోసం అల్లం కేకు ముక్క కాగితంలో చుట్టుకుని ఇంటికి బయల్దేరాను. డెలియా గేటు దగ్గరే నిలబడి ఉంది. ఆవిడ వెనక ఇంటి తలుపు బార్లా తీసి ఉంది. నేనడగలేదు, ఆవిడే చెప్పింది. రెండు దాటాక పోయిందట. నొప్పి లేకుండానే పోయిందట. పోయేముందు ఏమైనా అందా అంటే, గుమ్మం వైపు చూస్తూ ఉండిందంతే అంది.

మట్టి చేశాం. ఊరంతా వచ్చింది. సమాధి చుట్టూ ఆవిడ పూలే. ఎవరూ నన్నేమీ అనలేదు. పూలు ఇంట్లోకి రాలేదుగా, చావు మాత్రం తీరిగ్గా వచ్చి పనిచూసుకుని పోయింది.

ఇరవై రెండో తారీకున డెలియా మిగిలిన మందులు, మందెక్కించే పెట్టె తీసుకెళ్ళడానికి వచ్చింది. మంచం అంతకుముందే పట్టుకుపోయారు. ముందుగదిలో నేల మీద మంచం కోళ్ళు నొక్కిన నాలుగు గుంటలు మిగిలాయి. టీ ఇచ్చాను. తాగకుండా కప్పు చేత్తో పట్టుకుని కూచుంది. మీకు చెప్పాలా వద్దా అని పది రోజులుగా ఆలోచిస్తున్నానంది. చెప్పమన్నాను.

"నేను తెస్తానన్నానండీ ఆ పూలు. మీరు కోప్పడ్డాక కూడా అన్నాను. సంచీలో దాచి తెస్తాను, చూసుకున్నాక తీసుకుపోతాను, నెస్టా గారికి తెలీదు అన్నాను. మ్యూరియల్ గారే వద్దన్నారు."

"ఎందుకు?"

"నువ్వు తెస్తే ఏం లాభం, అది తేవాలి అన్నారు. అది తన చేత్తో తెచ్చి ఇక్కడ పెట్టాలి. మర్నాడు పొద్దున అది టీ పట్టుకుని వచ్చేసరికి నేను కళ్ళు తెరిచి ఉండాలి. చూశావుటే, బతికే ఉన్నాను, పూలు ఎవర్నీ చంపవు అని దానికి చెప్పాలి. ఆ ఒక్క పొద్దు చాలు డెలియా, అందాకా ఎలాగైనా ఉంచు నన్ను అన్నారు."

డెలియా ఇంకా ఏదో చెప్పింది, ఆవిడకి ఏమీ కోపం లేదనో ఏదో. వినబడలేదు. ఆవిడ వెళ్ళాక కుర్చీలో కూచుని వేళ్ళు మడిచాను. ఫిబ్రవరి రెండు నుంచి ఆదివారం దాకా. పదకొండు పొద్దులు. పదకొండు పొద్దులూ నేను టీ పట్టుకుని వెళ్ళాను. పదకొండు పొద్దులూ ఆవిడ కళ్ళు తెరిచే ఉంది. ఏ ముందు రోజు తెచ్చినా సరిపోయేది. ఆ శుక్రవారం తెచ్చినా సరిపోయేది. గడియ తీస్తే సరిపోయేది.

ఆవిడ చేసినదాన్ని నేను ఇప్పటికీ క్షమించలేదు. అది వేరే. కానీ ఆవిడ బాకీ తీర్చడానికి వస్తే తలుపేసింది నేను.

బూట్లు తొడుక్కుని అడవికి వెళ్ళాను. ఎండ పక్కవన్నీ అయిపోయి, రేకులు కాగితాల్లా ఎండిపోయాయి. చలి పక్కన, గట్టు నీడలో ఇంకా కొన్ని ఉన్నాయి. గుప్పెడు కోశాను. చేతులు చల్లబడ్డాయి. పడనిచ్చాను. ఇంటికొచ్చి మెట్టు దగ్గర ఆగలేదు, బురద బూట్లతోనే లోపలికి నడిచాను. జాము సీసాలో నీళ్ళు పోశాను. మంచం ఉండే చోట, కోళ్ళ గుంటల మధ్య నేల మీద పెట్టాను. పొయ్యి వెలిగించి, ఎదురుగా కుర్చీ లాక్కుని కూచున్నాను.

అడవిలో మొగ్గల్లా మూసుకుని ఉన్నవి, గది వెచ్చదనం తగలగానే పది నిమిషాల్లో పూర్తిగా విచ్చుకున్నాయి. అంత బాగా విచ్చుకోవడం నేనెప్పుడూ చూడలేదు. ఆకుపచ్చ గీతలన్నీ కనబడ్డాయి. తేనె వాసన గదంతా నిండింది. బయట ఎంత ఎండ కాసినా అలా రాదు. ఇంట్లోకి తెస్తేనే వస్తుంది. ఊళ్ళో ఎవరికీ ఆ సంగతి తెలీదు. అక్కకి తెలుసు కాబోలు.

మర్నాడు పొద్దున్నే లేచాను. అలవాటు కొద్దీ రెండు కప్పులు తీశాను. టీ పట్టుకుని ముందుగదిలోకి వెళ్ళాను. పూలు అలాగే ఉన్నాయి. ఇంట్లో ఎవరూ పోలేదు. పోవడానికి నేనొక్కదాన్నే ఉన్నాను, నేను బతికే ఉన్నాను.

చూశావుటే అని అనడానికి ఎవరూ లేరు.